తొలి గేమింగ్ పీసీ: పర్లాకిమిడి వైపు కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి వరండాలో ఇప్పటికి ఇరవై దాకా పీసీలు బిగించాను. కొన్ని మా పర్లాకిమిడి కుర్రాళ్లవి, కొన్ని కాశీనగరం, గుణుపురం, రాయగడ నుంచి బస్సెక్కి వచ్చినవి, రెండు మూడు ఏటి అవతల పాతపట్నం వాళ్లవి. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. రోజూ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. ప్రాసెసర్‌ని ప్రాసెసర్ అనే రాశాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని దానికి గ్రాంథికంలో పేరు పెడితే బాగోదు.

అన్నా, అన్నిటికంటే ముందు ఏం కొనాలి?

మల్టీమీటర్, అంటే వోల్టేజీ కొలిచే చిన్న మీటరు. నవ్వకండి. హైదరాబాద్ వాళ్లు చేసే వీడియోల్లో గ్రాఫిక్స్ కార్డుతో (గేము బొమ్మని గీసి తెరకి పంపే భాగం) మొదలుపెడతారు, వాళ్లకి గోడలోంచి వచ్చే కరెంటు గురించి బెంగ లేదు. మనకి ఉంది.

పీసీ పెట్టబోయే గదిలో, అదే ప్లగ్ దగ్గర, తెల్లవారి, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదింటికి వోల్టేజీ చూసి కాగితం మీద రాసుకోండి. ఉండాల్సింది 230. పోయిన వేసవిలో మా వీధిలో రాత్రి ఎనిమిదిన్నరకి మీటరు 174 చూపించింది. ఫ్యాను ఈగలు తోలుతున్నట్టు తిరుగుతోంది. అందరూ మోటార్లు, కూలర్లు కట్టేసి పడుకున్నాక రెండింటికి లేచి చూస్తే 241. ఈ రెండు అంకెల మధ్య మీ పీసీ బతకాలి. ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీ భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) ఏది, యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు నిలబెట్టే బ్యాటరీ డబ్బా) ఏది అన్నది ఆ కాగితమే చెబుతుంది.

అదే మీటరుతో ఎర్త్ కూడా చూడండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. రాలేదంటే మీ మూడు పిన్నుల సాకెట్లో మూడో కన్ను ఉత్త కన్నమే. పాత పెంకుటిళ్లలో ఇది మామూలు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టరు కెపాసిటర్లు పెట్టె బాడీకి, దాని ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ లీకేజీకి పోయే దారి ఉండదు, క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటుంది. జీఐ పైపు, బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ పిట్ తీయించండి. మీటరు పట్టుకోవడం అలవాటు లేకపోతే మీరు వేలు పెట్టొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఉన్న డబ్బు దేనికి ఎంత పెట్టాలి?

రేట్లు రాయను, మీరు చదివేలోపు మారిపోతాయి. పెట్టె వరకు వంద రూపాయలు అనుకుంటే గ్రాఫిక్స్ కార్డుకి 35 నుంచి 40, ప్రాసెసర్‌కీ మదర్‌బోర్డుకీ కలిపి పాతిక, ర్యామ్ (పని జరుగుతుండగా వాడే మెమరీ), ఎస్ఎస్డీ (గేములు దాచే డిస్కు) కలిపి 20, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ కలిపి 15. ఇదివరకు ర్యామ్‌కి ఇంత వాటా ఉండేది కాదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధర కొండెక్కింది, ఎస్ఎస్డీ కూడా దాని వెనకే నడుస్తోంది. ఆ రెంటి రేటు కనుక్కున్నాకే మిగతా లెక్క వేసుకోండి.

మానిటరు, యూపీఎస్ ఈ వందలో లేవు. చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. ఉన్నదంతా పెట్టెకి పోసేసి, చివరికి నాన్నగారి పాత టీవీకి కేబుల్ పెట్టుకుని కూర్చుంటారు.

బజార్లో ఒకతను ఐ7, 16 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, అంతా కలిపి చవగ్గా ఇస్తానంటున్నాడు. తీసుకోనా?

ఏ తరం ఐ7 అని అడగండి. తొంభై పాళ్లు అది ఐ7 3770 గానీ 4770 గానీ అవుతుంది. 3770 వచ్చింది 2012లో. పేరులో 7 ఉన్నంత మాత్రాన 2022లో వచ్చిన ఐ3 12100ఎఫ్ ముందు నిలబడలేదు. విండోస్ 11 దాన్ని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇక ఆ 2 జీబీ కార్డు జీటీ 710 లాంటిదైతే దాంతో సినిమాలు చూసుకోవచ్చు. ఆఫీసు పనికి ఆ పీసీ మంచిదే, గేమింగ్ అని అమ్మితేనే తప్పు.

ప్రాసెసర్ ఏది? రైజెనా, ఇంటెలా?

ఈ బడ్జెట్‌లో మూడే పేర్లు గుర్తుంచుకోండి: రైజెన్ 5 5600, ఐ5 12400ఎఫ్, ఐ3 12100ఎఫ్. కోర్లంటే పనిచేసే చేతులు, థ్రెడ్లంటే అవి ఒకేసారి పట్టే పనులు. మొదటి రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. మూడోదానికి 4 కోర్లు, 8 థ్రెడ్లు. మొదటి రెంటిలో ఆ రోజు మదర్‌బోర్డుతో కలిపి ఏది తక్కువకి దొరికితే అదే. ఈ విషయంలో కులాల గొడవల్లాగా కొట్టుకునే వాళ్ల మాట వినొద్దు. నేను మాత్రం ఎక్కువగా 5600 పెట్టాను. అది కూర్చునే ఏఎం4 సాకెట్ బోర్డులు చవక, చవక రకం డీడీఆర్4 ర్యామ్ సరిపోతుంది, కూలర్ పెట్టెలోనే వస్తుంది.

ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే అందులో డిస్‌ప్లే ఇచ్చే భాగం లేదని అర్థం. గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదు. 5600ది కూడా అదే సంగతి.

కార్డు ఆరు నెలలాగి కొందాం అనుకునేవాళ్లు రైజెన్ 5 5600జీ చూడండి. లోపలే గ్రాఫిక్స్ ఉంది, వాలరెంట్ లాంటి గేములు సెట్టింగులు తగ్గించి హాయిగా ఆడొచ్చు. ఎల్3 క్యాషే (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) మాత్రం 32కి బదులు 16 ఎంబీ, అందుకని తర్వాత పెద్ద కార్డు పెట్టినా 5600 అంత రాదు. ఆరు నెలలు ఆగలేని వాళ్లకే ఈ దారి.

గ్రాఫిక్స్ కార్డు సంగతి చెప్పు అన్నా, అసలు ప్రశ్న అదే కదా.

అదే. 1080పీ (1920×1080 చుక్కల) తెర మీద ఆడేవాళ్లకి 8 జీబీ మెమరీ ఉన్న కార్డు కనీసం అనుకోండి. నేను ఎక్కువసార్లు చెప్పే పేరు ఆర్ఎక్స్ 6600. 2021లో వచ్చింది, పాతదే. కానీ 132 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మన ఊళ్లలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం అదే. తక్కువ తాగే కార్డు అంటే చిన్న యూపీఎస్, తక్కువ వేడి, రాత్రి ఎనిమిదింటి వోల్టేజీలో తక్కువ టెన్షన్. ఇంకాస్త డబ్బుంటే ఆర్టీఎక్స్ 4060. వేగం బాగా ఎక్కువ, తాగేది 115 వాట్లే.

ఆర్టీఎక్స్ 3050 కొనేటప్పుడు కళ్లు తెరిచి ఉండండి. ఆ పేరుతో రెండు కార్డులు ఉన్నాయి. 2022లో వచ్చినది 8 జీబీ, 130 వాట్లు. 2024లో వచ్చినది 6 జీబీ, 70 వాట్లు. రెండోదాంట్లో కోర్లు తక్కువ, మెమరీ దారి కూడా ఇరుకు. 8 జీబీ దానికి చూపించిన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని బొమ్మలు) వీడియో పెట్టి 6 జీబీది చేతిలో పెట్టే షాపులున్నాయి, పెట్టె మీద అంకె చదివి డబ్బివ్వండి. అలాగని 6 జీబీది చెత్త కాదు. దానికి విడిగా పవర్ కేబులు అక్కర్లేని మోడళ్లు చాలా ఉన్నాయి, ఇంట్లో ఆఫీసు పీసీ ఇప్పటికే ఉంటే అందులో గుచ్చుకోవచ్చు.

ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వద్దు. 4 జీబీ మెమరీ, పైగా మదర్‌బోర్డుతో మాట్లాడే దారులు నాలుగే. ఆ దారులు పాత రకమైన పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే ఇంకా నీరసిస్తుంది. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ ఉంది, బాగుంది. కానీ బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెర) రీసైజబుల్ బార్ అనే సెట్టింగు ఆన్ చేయాలి, లేకపోతే పడుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనొచ్చా?

ఎదురుగా కూర్చుని అరగంట గేమ్ ఆడించి చూపిస్తేనే. కొరియర్లో తెప్పించుకునే సెకండ్ హ్యాండ్ నా దృష్టిలో లాటరీ. జీపీయూ-జడ్ అనే చిన్న ప్రోగ్రాము పెట్టి అసలు పేరు, మెమరీ చూడండి. పాత కార్డుకి కొత్త పేరు రాసిన నకిలీలు దాంట్లో దొరికిపోతాయి. ఆర్ఎక్స్ 580 అని అమ్మే వాటిలో 2048ఎస్‌పీ అనే తక్కువ రకం ఉంది, అదీ అడగండి. జీటీఎక్స్ 10 సిరీస్‌కి ఎన్విడియా కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది, అందుకని 1060, 1070 కార్డులు ఎంత చవకైనా ఇప్పుడు నేను చెప్పను.

మదర్‌బోర్డు?

5600కి బీ450 లేదా బీ550, 12400ఎఫ్‌కి హెచ్610 లేదా బీ660. బీ450 పాత స్టాకైతే బయోస్ కొత్తదేనా అని అడిగి అప్‌డేట్ చేయించుకుని మరీ తీసుకోండి. లేకపోతే 5600ని గుర్తుపట్టదు. ఇంటికొచ్చాక అప్‌డేట్ చేద్దామంటే చాలా బోర్డులకి చేతిలో పాత ప్రాసెసర్ ఉండాలి, మన ఊళ్లో ఎవర్ని అడుగుతారు?

16 జీబీ ర్యామ్ ఒకటే ముక్క కొంటే తర్వాత ఇంకోటి పెట్టుకోవచ్చు కదా?

పెట్టుకోవచ్చు, కానీ అప్పటిదాకా ప్రాసెసర్ ఒంటెద్దు బండి. 8 జీబీవి రెండు కొంటే రెండు దారుల్లో డేటా వెళ్తుంది. 5600జీ వాళ్లకైతే ఇది తప్పనిసరి, దాని గ్రాఫిక్స్ బతికేది ర్యామ్ మీదే. నాలుగు స్లాట్ల బోర్డులో రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. 3200 ర్యామ్ కొని బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే అది 2133 గానో 2400 గానో నడుస్తూ ఉంటుంది. ఏడాది తర్వాత కనిపెట్టిన వాళ్లు నాకు తెలుసు.

ఎస్ఎస్డీ ఎంత?

ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డు మీదే గుచ్చే వేగం రకం) 1 టీబీ. డబ్బు చాలకపోతే 500 జీబీ. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ పైన తింటుంది. పాత హార్డ్ డిస్క్ ఇంట్లో ఉంటే ఫొటోలకి దాన్నే తగిలించండి.

ఎస్ఎంపీఎస్ క్యాబినెట్‌తో ఫ్రీగా ఇస్తామంటున్నారు. మళ్లీ విడిగా ఎందుకు?

నా మొదటి పీసీ కథ చెబుతాను. క్యాబినెట్‌తో పాటు 450 వాట్లని స్టిక్కరు అంటించిన ఎస్ఎంపీఎస్ ఒకటి ఇచ్చారు. చేత్తో పట్టుకుంటే అరకిలో కూడా లేదు. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఓ రాత్రి కరెంటు పోయింది, పది నిమిషాలకి వచ్చింది, వస్తూనే ట్యూబులైటు తెల్లగా మెరిసింది. వెనకాల టప్‌మని చప్పుడు, కాలిన బెల్లం లాంటి వాసన. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోతే బాధ లేకపోను. మదర్‌బోర్డుని వెంట తీసుకుపోయింది. నెల తర్వాత దాన్ని మా ఊరి టీవీ మెకానిక్ విప్పి చూపించాడు. ఫిల్టరు ఉండాల్సిన చోట భాగాలు లేవు, వైరు ముక్కలు అతికించి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు నిమ్మకాయంత. మీరు మాత్రం ఎస్ఎంపీఎస్ విప్పకండి, ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది.

కొనాల్సింది 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) ముద్ర ఉన్న 550 వాట్లది, మూడేళ్లయినా, వీలైతే ఐదేళ్లు వారంటీ ఉన్నది. కోర్సెయిర్, కూలర్ మాస్టర్, యాంటెక్ లాంటి కంపెనీలవి మన వైపు దొరుకుతాయి. పక్కన స్టిక్కరు మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉందా చూడండి. అలా ఉన్నది మా వీధి 174 వోల్టులకి కూడా కంగారు పడదు. 200–240 అని మాత్రమే ఉన్నది అక్కడే తడబడి పీసీని రీస్టార్ట్ చేస్తుంది, మీరేమో విండోస్‌ని తిడతారు.

600 వీఏ యూపీఎస్ చాలదా?

లెక్క చూద్దాం. 6600 కార్డు 132 వాట్లు, ప్రాసెసర్ గట్టిగా ఆడితే 80 దాకా, మిగతా సామాను 45. మొత్తం 257. ఎస్ఎంపీఎస్ తనకంటూ కొంత తింటుంది కాబట్టి గోడ దగ్గర 300 అవుతుంది. మానిటరు పాతిక. 325 వాట్లు. వీఏ అంటే వాట్లు కాదు, 600 వీఏ యూపీఎస్ చాలావరకు ఇచ్చేది 360 వాట్లే. కొత్తలో నిలబడుతుంది, ఏడాదికి బ్యాటరీ నీరసించాక మంచి మ్యాచ్ మధ్యలో కీ మని అరిచి చేతులెత్తేస్తుంది. 1000 లేదా 1100 వీఏది తీసుకోండి. అది అరగంట ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని మీదే పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటు లాంటి నున్నటి అల) రకమై, వెనక స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉంటే పెట్టొచ్చు. కరెంటు పోయినప్పుడు మంచి ఎస్ఎంపీఎస్ 16 మిల్లీసెకన్ల దాకా ఊపిరి బిగబట్టగలదు. ఇన్వర్టరు ఆలోపే అందుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద మాత్రం వద్దు.

ఉరుములొస్తే యూపీఎస్‌ని నమ్ముకుని కూర్చోకండి. ప్లగ్గు పీకండి, బయటినుంచి రాగి తీగ మీద ఇంటర్నెట్ వస్తుంటే ఆ కేబులు కూడా పీకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లా ఎలా చీకటైపోయిందో అందరికీ గుర్తే. అలాంటప్పుడు కరెంటు వచ్చిన మొదటి గంట కూడా పీసీ జోలికి వెళ్లొద్దు.

క్యాబినెట్‌లో లైట్లు ఉన్నది తీసుకోనా?

మీ ఇష్టం, కానీ ముందు జల్లెడలా గాలి పోయే మెష్ ఉండాలి. అద్దం మూసిన ముందుభాగం వద్దు. రాయగడ, కొరాపుట్ వైపు ఎర్ర దుమ్ము నెలకోసారి ఫిల్టరు మీద గోధుమ పిండిలా పేరుకుంటుంది. పీసీ ఆపి, ప్లగ్గు పీకి, బ్లోయరుతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. వెనక ఖాళీ స్లాట్ల రేకులు ఊడదీసి వదిలేయకండి. వెచ్చదనానికి బల్లులు దూరతాయి. ఒకసారి గుణుపురం నుంచి వచ్చిన పీసీ తెరిస్తే ఎస్ఎంపీఎస్ పక్కన బల్లి తోక, రెండు గుడ్లు.

మానిటరు?

24 అంగుళాలు, 1080పీ, ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర), కనీసం 100 హెర్ట్జ్ (సెకనుకి తెర బొమ్మ మారే సార్లు). వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ ఆడేవాళ్లు 144 చూసుకోండి.

బరంపురంలో కొనాలా, విశాఖలోనా, ఆన్‌లైన్‌లోనా?

వారంటీకి మళ్లీ ఎక్కడికి వెళ్లగలరో అక్కడ. మనకి కంపెనీ సర్వీస్ సెంటర్లు ఇంటి పక్కన లేవు. ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు, కార్డు ఈ మూడూ మీరు ఒక్కరోజులో వెళ్లి రాగల ఊళ్లో, షాపువాడే తీసుకుని కంపెనీకి పంపుతానని ఒప్పుకున్న చోట కొనండి. గుణుపురం–విశాఖ ప్యాసింజర్ మీద వెళ్లేవాళ్లకి విశాఖ, బస్సు మీద వెళ్లేవాళ్లకి బరంపురం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వందలు తగ్గుతాయని వెళ్లిన వాళ్లకి, ఒక్క వారంటీ ట్రిప్పుతో ఆ మిగులు రైలు చార్జీకి సరిపోయింది. ఆన్‌లైన్‌లో అయితే మన పిన్‌కోడ్‌కి తెస్తారా, వెనక్కి తీసుకుంటారా అని రెండూ చూసుకుని, పెట్టె విప్పేది మొదటి నుంచీ వీడియో తీయండి.

ఆంధ్రాలో కొంటే పన్ను వేరేమో, చెక్‌పోస్టులో ఆపుతారేమో అని పెద్దవాళ్లు భయపడతారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఇటైనా అటైనా పన్ను ఒకటే, ఇప్పుడు ఈ సామానుకి 18 శాతం. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తానంటే అది తగ్గింపు కాదు, మీ వారంటీని అమ్ముకోవడం. ప్రాసెసర్ పెట్టె లేకుండా ట్రే పీస్ అని ఇస్తే కంపెనీ ఇచ్చే మూడేళ్ల వారంటీ మీకు ఉండదు.

మా మామయ్య దుబాయ్ నుంచి గ్రాఫిక్స్ కార్డు తెస్తానంటున్నాడు.

మామయ్యకి దండం పెట్టి మౌసు, హెడ్‌సెట్ తెమ్మనండి. చాలా కార్డుల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. పాడైతే మళ్లీ మామయ్య సెలవుకి వచ్చేదాకా ఆగాలి.

నేనే బిగించుకోగలనా?

బిగించగలరు. స్క్రూ డ్రైవరు, మూడు గంటలు, పక్కన తొందరపెట్టేవాళ్లు లేకపోవడం, ఇవే కావాలి. ఏఎం4 ప్రాసెసర్‌కి పిన్నులు దాని అడుగునే ఉంటాయి, ఇంటెల్‌కి బోర్డు మీద ఉంటాయి. రాయగడ తమ్ముడొకడు 5600ని చొక్కా జేబులో వేసుకుని బస్సులో వచ్చాడు. ఒక వరస పిన్నులు పక్కకి ఒరిగిపోయాయి. ములుకు తీసేసిన 0.7 మెకానికల్ పెన్సిల్ మొన ఒక్కో పిన్నుకీ తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. పదకొండు పిన్నులు, గంటన్నర. అదృష్టం, ఒక్కటీ విరగలేదు. కూలర్ తీసేటప్పుడు కూడా తిన్నగా పైకి లాగొద్దు, పేస్టు పట్టుకుని ప్రాసెసర్ సాకెట్లోంచి ఊడి వచ్చేస్తుంది. పీసీని కాసేపు నడిపి, ఆపి, ప్లగ్గు పీకి, వెచ్చగా ఉండగానే అటూ ఇటూ తిప్పి తీయండి.

అన్నీ పెట్టాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ లేదు!

మానిటరు కేబులు మదర్‌బోర్డుకి గుచ్చారు. కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి గుచ్చండి. కాకపోతే ర్యామ్ తీసి క్లిక్‌మనేదాకా మళ్లీ నొక్కండి. అదీ కాకపోతే ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కేబులు మర్చిపోయారు. నాకు ఫోన్ చేసేది ఈ మూడూ అయ్యాక.

వాలరెంట్ తెరవగానే ఏదో ఎర్రర్ ఇచ్చి మూసుకుపోతోంది.

విండోస్ 11లో ఆ గేముకి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులూ ఆన్‌లో ఉండాలి. బయోస్‌లో రైజెన్ (ఏఎండీ కంపెనీది) వాళ్లు ఎఫ్‌టీపీఎం, ఇంటెల్ వాళ్లు పీటీటీ అనే పేరు వెతకండి.

బాబూ, మావాడు ఇది కొంటే కరెంటు బిల్లు ఎంతవుద్ది?

ఇది అమ్మలు అడిగే ప్రశ్న, చాలాసార్లు కొడుకుని పక్కకి పంపించి అడుగుతారు. రోజుకి నాలుగు గంటలు గట్టిగా ఆడాడనుకుందాం అమ్మా. 325 వాట్ల చొప్పున రోజుకి 1.3 యూనిట్లు, నెలకి 39. మీ బిల్లు మీద యూనిట్ రేటు చూసి దానితో గుణించండి. పీసీ రాకముందు కంటే మీటరు 39 యూనిట్లను మించి బాగా ఎక్కువ తిరిగిందంటే మీవాడు నాలుగు గంటలు కాదు, మీరు పడుకున్నాక కూడా ఆడుతున్నాడు.